ఎస్‌జీపీటీ నార్మల్ వస్తే హెపటైటిస్ బీ వైరస్ అణిగినట్టేనా?

పలాస అక్క:
మా తమ్ముడికి 29 ఏళ్ళు. పోయినేడు రక్తదానం చేస్తే హెపటైటిస్ బీ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని తేలింది, ఎనిమిది నెలలకి మళ్ళీ చేయించినా పాజిటివే. లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ 34, వైరస్ తయారుచేసే 'ఈ' యాంటిజెన్ నెగెటివ్. నలత ఏమీ లేదు, రోజూ జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్ళొస్తున్నాడు. డాక్టరుగారు డీఎన్‌ఏ పరీక్ష కూడా రాశారు, అన్నీ బాగుంటే అదెందుకు? అమ్మేమో పసరు మందు వేయిద్దామంటోంది. వాడి కంచం, గ్లాసు విడిగా పెట్టేసింది, వాడు మాట్లాడకుండా తినేసి లేచిపోతున్నాడు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

రాజాం ల్యాబ్:
అక్కా, ముందు ఆ కంచం సంగతి చూడండి. కలిసి తింటే ఇది అంటదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. రేజరు, బ్రష్షు మాత్రం విడిగా ఉండాలి. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకుని, రక్షణ లేనివాళ్ళు టీకా వేయించుకోండి.

ఎస్‌జీపీటీ చెప్పేది లివర్ ఎంత దెబ్బతింటోందో, వైరస్ ఎంతుందో కాదు. 'ఈ' నెగెటివ్ అంటే చాలామందిలో వైరస్ తగ్గినట్టే, కానీ కొందరిలో వైరస్ మారిపోయి ఆ యాంటిజెన్‌ని తయారుచేయడం మానేస్తుంది, పెరగడం మాత్రం మానదు. అది రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే డీఎన్‌ఏ పరీక్షలోనే బయటపడుతుంది. వైరస్ మిల్లీలీటరుకి 2,000 ఐయూ (వైరస్‌ని లెక్కించే కొలత) లోపు ఉండి ఎస్‌జీపీటీ కూడా బాగుంటే మామూలుగా మందు లేకుండా గమనిస్తారు, దాటితే లివర్ పరిస్థితి కూడా చూసి నిర్ణయిస్తారు. రిపోర్టులో ఐయూనా, కాపీలా చూసుకోండి. ఒక ఐయూ అంటే దాదాపు 5 కాపీలు, ఇది తెలియక వైరస్ అయిదింతలైందని వణికిపోతూ వచ్చినవాళ్ళని చూశాను.

కవిటి:
అమ్మా, నేను ఆరేళ్ళుగా మందు వాడుతున్నాను. డీఎన్‌ఏలో వైరస్ కనబడలేదు కదా అని ఒకసారి నాకు నేనే ఆపేశాను, కొన్ని నెలలకే కళ్ళు పచ్చబడ్డాయి, ఎస్‌జీపీటీ 600 దాటింది. మందు మొదలెడితే డాక్టరు చెప్పకుండా ఆపనివ్వకండి. ఇంకోటి, మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే, ఈ వైరస్‌కిచ్చే టెనోఫోవిర్ మందు కొందరి కిడ్నీలకి పడదు, ముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. నాకు అందుకే ఎంటెకావిర్ అనే వేరే మందు ఇచ్చారు, రాత్రి అన్నం తిన్న రెండు గంటలకి వేసుకుంటాను. పసరు జోలికి వెళ్ళొద్దు, అసలే వైరస్ ఉన్న లివర్. 2018 నుంచి ప్రభుత్వ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తున్నారు, జిల్లా ఆస్పత్రిలో అడగండి.

పలాస అక్క:
ఇద్దరికీ దండాలు. రాత్రి అందరం ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తిన్నాం. సోమవారం రక్తం ఇస్తాడు, పరగడుపున వెళ్ళాలా?

రాజాం ల్యాబ్:
డీఎన్‌ఏకి అక్కర్లేదక్కా, తినే పంపండి.