హ్యామర్డ్ అంటే తన్నులు తినడమా, తాగడమా?

నిన్న గ్రూపులో ఒక మిత్రుడు అడిగారు, ఇంగ్లీషు సిరీస్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంటే ‘ఐ గాట్ హ్యామర్డ్’ అనే డైలాగ్ వచ్చిందట, ‘నేను బాగా తాగాను’ అని రాస్తే చప్పగా ఉందట, ఇంకో మాట ఏమైనా ఉందా అని. కామెంట్లో రాద్దామని మొదలుపెడితే ఇంత పొడుగైంది, అందుకే విడిగా పెడుతున్నాను.

ఈ మాటతో నాకు పాత గొడవే ఉంది. 2009లో ఆన్‌సైట్ పని మీద ఇంగ్లండులో లీడ్స్ వెళ్ళాను. మొదటి సోమవారం పక్క సీటాయన కళ్ళు ఎర్రగా, మొహం పీక్కుపోయి వచ్చాడు. ఏమైందంటే శనివారం రాత్రి హ్యామర్డ్ అయ్యానన్నాడు. నాకు తెలిసిన హ్యామర్ సుత్తి ఒక్కటే. ‘పోలీసులకి చెప్పావా?’ అని సీరియస్‌గా అడిగాను. ఆ ప్రశ్న ఫ్లోరంతా తిరిగి మధ్యాహ్నానికి క్యాంటీన్‌లో మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. సరే, బుద్ధొచ్చింది, నేర్చుకున్నాం. రెండు నెలల తర్వాత క్లయింటుకి డెమో ఇచ్చి వచ్చిన మేనేజరు కోటు కుర్చీ మీద పడేసి ‘వి గాట్ హ్యామర్డ్’ అన్నాడు. ఈసారి నాకు తెలుసుగా! క్లయింటు పార్టీ బాగా ఇచ్చినట్టున్నాడనుకుని, నవ్వుతూ ‘ఎక్కడ?’ అన్నాను. ఆయన నవ్వలేదు.

అప్పటినుంచీ చూస్తున్నాను, ఇంగ్లీషు వాడుకలో తాగి పడినవాడికీ ఆడి ఓడినవాడికీ చాలాసార్లు ఒకటే మాట. ‘ట్యాంక్డ్’ అంటే ట్యాంకు నింపినట్టు తాగాడని, సినిమా ‘ట్యాంక్’ అయిందంటే పోయిందని, టెన్నిస్‌లో మ్యాచ్ ‘ట్యాంక్’ చేశాడంటే కావాలని ఓడిపోయాడని. ‘బాంబ్డ్’ కూడా అంతే, మనిషికైతే మందు, నాటకానికైతే ఫ్లాపు. ఇందులో ఇంకో మెలిక ఉంది, అమెరికాలో షో ‘బాంబ్’ అయితే నిర్మాత ఏడవాలి, బ్రిటన్‌లో ‘వెంట్ లైక్ ఎ బాంబ్’ అంటే అదిరిపోయిందని అర్థం! ‘స్క్రూడ్’ అంటే ఇప్పుడు పని అయిపోయినట్టే, 19వ శతాబ్దపు బ్రిటిష్ యాసలో తాగి ఉన్నాడని.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది ‘ప్లౌడ్’. ప్లౌ అంటే నాగలి. విక్టోరియా రాణి కాలంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు పరీక్ష తప్పితే ‘ప్లౌడ్’ అనేవాళ్ళు, వాణ్ణి దున్నేశారని. అమెరికా వాడు అదే మాటని తాగినవాడికి తగిలించాడు. ఇక మన దగ్గరికి రండి. ‘పరీక్షలో దున్నేశాడు’ అంటే ఏమిటి? క్లాసులో ఫస్టు వచ్చాడని! నాగలి అదే, పట్టుకున్నది ఎవరన్నదే తేడా. చించేశాడు, కుమ్మేశాడు, ఇరగదీశాడు, ఇవన్నీ మనకి మెచ్చుకోళ్ళే, ఎందుకంటే చేసేది వాడు. ఇంగ్లీషులోనూ ‘హి స్మాష్డ్ ఇట్’ అంటే ఇరగదీశాడనే. అదే స్మాష్ వాడి మీద పడి ‘హి వాజ్ స్మాష్డ్’ అయిందంటే వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడన్నమాట. హ్యామర్డ్, ప్లాస్టర్డ్, వేస్టెడ్, రెక్‌డ్, అన్నీ కర్మణి ప్రయోగాలే. తాగింది తనే అయినా ఎవరో వచ్చి తనని ఏదో చేసి పోయినట్టు చెప్పుకోవడం. (స్కూల్లో కర్మణి ప్రయోగం ఎందుకురా నాయనా అనిపించేది, ఇందుకన్నమాట.)

ఇది ఎంతదాకా పోయిందంటే, ఏ నామవాచకానికైనా చివర ‘డ్’ తగిలించి ముందు ‘టోటలీ’ పెడితే చాలు, తాగినట్టే. ఒక బ్రిటిష్ కమెడియన్ తోటలో వేసే పందిరిని తీసుకుని ‘గజీబోడ్’ అంటే జనం పడీపడీ నవ్వారు, కానీ అర్థం కాలేదని ఒక్కరూ అనలేదు. ఆ జోకు పట్టుకునే ఇద్దరు జర్మనీ భాషావేత్తలు 2023లో ఒక పత్రం రాసి 546 మాటలు పోగేశారు. తెలుగులో ఈ ఆట ఆడి చూడండి. ‘నిన్న రాత్రి వాడు పూర్తిగా గొడుగైపోయాడు’ అంటే ‘వానొచ్చిందా?’ అంటారు.

ఈ పోగేసే పిచ్చి ఇప్పటిది కాదు. 1737 జనవరిలో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పత్రికలో తాగుబోతుల నిఘంటువు అని రెండు వందల పైచిలుకు మాటలు అచ్చేశాడు. బార్బడోస్ వెళ్ళొచ్చాడు అంటే రమ్ము తాగాడని, ఎందుకంటే రమ్ము అక్కడినుంచి వచ్చేది. పొద్దున టిఫినులో ఒకటిన్నర కప్పను తిన్నాడు అనేది కూడా అందులో ఉంది, ఆ సగం కప్ప ఏమిటో నన్నడక్కండి. ఆయన ముందుమాటలో ఒక మంచి సంగతి అన్నాడు. మిగతా దుర్గుణాలు ఏదో ఒక సుగుణం పేరు అరువు తెచ్చుకుని దాక్కుంటాయి, తాగుడుకి మాత్రం పోలిక ఉన్న సుగుణం ఒక్కటీ లేదు, కాబట్టి డొంకతిరుగుడు మాటలే గతి అని. మన పిసినారి కూడా ‘నేను పొదుపరిని’ అంటాడు కదా, అలా.

ఓడల వాళ్ళ సరుకూ ఇందులో చాలా ఉంది. తాగి తూలేవాణ్ణి ‘త్రీ షీట్స్ టు ద విండ్’ అంటారు, అందులో షీటంటే తెరచాప అనుకుంటాం, కాదు, తెరచాపను బిగించి పట్టే తాడు. తాళ్ళు వదులై గాలికి కొట్టుకుంటే ఓడ తూలుతుంది. ‘గ్రాగీ’ సంగతి ఇంకా బాగుంటుంది. 1740లో అడ్మిరల్ వెర్నన్ నావికుల రోజువారీ అర పైంటు రమ్ములో క్వార్టు నీళ్ళు, అంటే ఒకటికి నాలుగు, కలిపే ఇవ్వాలని ఆర్డరేశాడు. ఆయన గ్రోగ్రమ్ గుడ్డ కోటు వేసుకునేవాడు కాబట్టి ఆయన పేరు ఓల్డ్ గ్రాగ్, ఆ నీళ్ళ రమ్ము గ్రాగ్, అది తాగి తూలేవాడు గ్రాగీ. ఇప్పుడు జలుబు మాత్ర వేసుకుని మగతగా ఉన్నా గ్రాగీయే.

ఇక మన మాటకి వస్తాను. తెలుగులో మందు మనిషిని కొట్టదు, మనమే మందు కొడతాం. తర్వాత అది ఎక్కుతుంది, తెల్లారినా దిగదు. పరీక్ష పోతే డింకీ కొడతాం. సినిమా పోతే బోల్తా కొడుతుంది, తుస్సుమంటుంది, రీళ్ళ కాలంలో బాక్సులు తిరిగొచ్చాయనేవాళ్ళు. ఈ రెండు గుంపులూ కలిసేచోటు ఉందా అని వెతికితే ఒకటి దొరికింది: చిత్తు. ఎన్నికల్లో చిత్తుగా ఓడతారు, పెళ్ళిలో చిత్తుగా తాగుతారు. హిందీ కుస్తీలో ‘చిత్’ అంటే వీపు నేలకి తగిలేలా వెల్లకిలా పడేయడం. మన చిత్తు అక్కడినుంచే వచ్చిందని నా నమ్మకం, చిత్తు కాగితం సంగతి వేరు. హ్యామర్డ్‌కి దీనికంటే దగ్గరి మాట నాకైతే తట్టలేదు.

కామెంట్: మాస్టారూ, మా కరీంనగర్ దిక్కు ‘ఫుల్ టైట్ అయిండు’ అంటరు. ఇది గూడ ఇంగ్లీషుదేనా?

జవాబు: నూటికి నూరుపాళ్ళు. 19వ శతాబ్దపు మాట. అక్కడ ఇప్పుడు ‘టైట్’ అంటే తాతల కాలం వాసనొస్తుంది. మన దగ్గర ప్రతి దావత్‌లో బతికే ఉంది.

కామెంట్: ‘పిస్డ్’ వదిలేశారేం అన్నయ్యా? మా డాలస్‌లో మేనేజర్ పిస్డ్ అంటే కోపంగా ఉన్నాడని. లండన్‌లో మా ఆడపడుచు అంటే తాగి ఉన్నాడని. ఫోన్లో పెద్ద గందరగోళం అయింది.

జవాబు: అది మర్చిపోయానమ్మా. సబ్‌టైటిల్ రాసేవాళ్ళు ముందు సిరీస్ ఏ దేశానిదో చూసుకోవాలి.

కామెంట్: ప్రశ్న అడిగింది నేనేనండీ. ‘చిత్తుగా తాగాను’ అని పెట్టేశాను, బాగుంది. థాంక్స్. కానీ సీన్ బార్‌లో కాదు, కోర్టు మెట్ల మీద. లాయరు పొద్దున్నే తాగడమేంటో అర్థం కాలేదు.

జవాబు: కొంప ముంచారు. ఒకసారి ముందు ఎపిసోడ్ చూడండి, కేసు ఓడిపోయాడేమో.

కామెంట్: చూశానండీ. కేసు పోయింది. ‘తాగాను’ తీసేసి ‘చిత్తయ్యాను’ అని పెడుతున్నాను.