అప్‌డేట్: టన్నెల్ మీద చందాదారుల సెషన్ల సమస్య తీరింది

పోయిన వారం అడిగింది నేనే. కూకట్‌పల్లి వైపు చందాదారుల పీపీపీఓఈ (లాగిన్ అయి ఇంటర్నెట్‌కు కలిసే పద్ధతి) సెషన్లు ఎల్‌2టీపీ టన్నెల్ (ఆ సెషన్లను వేరే నెట్‌వర్క్ మీదుగా మోసుకొచ్చే దారి) గుండా మా రౌటర్‌కు చేరుతున్నాయని, లాగిన్ అయి ఐపీ చిరునామా వచ్చినా కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదని రాశాను.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఉండగల గరిష్ఠ పరిమాణం) చూడమన్నవారి మాటే నిజమైంది. లాగిన్లను సరిచూసే రేడియస్ సర్వర్‌ను అనుమానిస్తూ రెండు రోజులు పోగొట్టుకున్నాను. మామూలుగా ఉండే 1500 బైట్లలో పీపీపీఓఈ 8 తీసుకుంటే మిగిలేది 1492. దాని మీద టన్నెల్ తన ఐపీ, యూడీపీ, ఎల్‌2టీపీ హెడర్లు తొడిగేసరికి ప్యాకెట్ 1500 దాటుతోంది. ముక్కలు చేయవద్దన్న గుర్తుతో వచ్చిన పెద్ద ప్యాకెట్లు దారిలోనే రాలిపోతున్నాయి. ఆ సంగతి పంపినవారికి చెప్పాల్సిన ఐసీఎంపీ సందేశాన్ని మధ్యలో ఫైర్‌వాల్ ఆపేస్తోంది.

ఒక్కో సెషన్‌కు డైనమిక్ ఇంటర్‌ఫేస్‌లు పుట్టే టెంప్లేట్‌లోనే ఎంటీయూ 1400, టీసీపీ ఎంఎస్‌ఎస్ (హెడర్లు పోగా ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితి) 1360 పెట్టాను. ఒక చందాదారు ఇంటి నుంచి అదే గుర్తుతో పింగ్ చేస్తే 1372 బైట్లు (28 బైట్ల హెడర్లతో కలిపి సరిగ్గా 1400) వెళ్లాయి, 1373 ఆగిపోయింది. అప్పుడు ప్రాణం లేచి వచ్చింది.

ఒక్క మాట: అప్పటికే నడుస్తున్న సెషన్లకు ఈ మార్పు అందలేదు. రాత్రి రెండు గంటలకు వాటిని తెంపి మళ్లీ కలవనిచ్చాం. పొద్దున్నే, మొదట ఫిర్యాదు చేసిన పెద్దావిడే ఫోన్ చేసి మనవడి ఆన్‌లైన్ పాఠం తెరుచుకుందని చెప్పారు. దారి చూపిన మీ అందరికీ కృతజ్ఞతలు.