మొదటి అనిమే ఏది చూడాలి? ఒక్క పేరు చెప్పండి చాలు

సత్యనారాయణపురం అక్క
నమస్తే అందరికీ. నాకు నలభై నాలుగేళ్లు, బెజవాడ. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. కాలేజీ నుంచి వచ్చి తలుపేసుకుని అనిమే అని జపాన్ బొమ్మల సీరియల్స్ చూస్తుంటాడు. ఏంట్రా అది అంటే "నీకు అర్థం కాదులే అమ్మా" అన్నాడు మొన్న. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఒక్కటి మొదలెట్టి చివరిదాకా చూసి వాడితో నాలుగు ముక్కలు మాట్లాడాలని ఉంది. వాణ్నే అడగమనకండి, అడగను. నాకేమీ తెలీదనుకుని ఒక్క పేరు చెప్పండి. ఒక్కటే.

బ్రాడీపేట నాలుగో లైను
డెత్ నోట్. ఇంకో ఆలోచన వద్దక్కా. 2006లో వచ్చింది, 37 ఎపిసోడ్‌లు, ఒక్కోటి ఇరవై నిమిషాల చిల్లర. ఒక కుర్రాడికి నోటుపుస్తకం దొరుకుతుంది, మనిషి ముఖం తలుచుకుంటూ అందులో పేరు రాస్తే ఆ మనిషి చస్తాడు. రెండో ఎపిసోడ్‌కే డిటెక్టివ్ ఒకడు టీవీలోంచి వాడికి సవాలు విసురుతాడు, అక్కణ్నుంచి ఇద్దరి మధ్యా బుర్రల యుద్ధమే. క్రైమ్ సినిమాలు చూసే ఎవరికైనా ఎక్కుతుంది. జపనీస్ ఆడియో, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. డబ్ జోలికి మాత్రం పోకండి.

బందరు లడ్డూ
వచ్చాడండీ డెత్ నోట్ ఏజెంటు.

మిర్చియార్డు
"డబ్ జోలికి పోకండి" అని ఆర్డరేంటి బాసూ? ఆవిడ పేరు అడిగారు, రూల్స్ అడగలేదు. అక్కా, సోలో లెవలింగ్ చూడండి, తెలుగులో డబ్బింగ్ ఉంది. 2024లో మొదటి సీజన్, 12 ఎపిసోడ్‌లే. అందరికంటే బలహీనుడైన వేటగాడు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతాడు. వాళ్లమ్మ ఆస్పత్రిలో మంచాన ఉంటుంది, చెల్లెలి చదువు వాడి మీదే. మన ఇళ్ల కథే, కాకపోతే రాక్షసులుంటారు.

బ్రాడీపేట నాలుగో లైను
అసలది కొరియా కథ. కొరియా వెబ్ నవల, తర్వాత కొరియా కామిక్. మొదటి అనిమే అని అడిగితే కొరియా సరుకు చూపిస్తావేంటి?

మిర్చియార్డు
బొమ్మలు గీసింది జపాన్ స్టూడియో. మిరపకాయ ఏ ఊళ్లో పండితే ఏంటి, పచ్చడి గుంటూర్లో పట్టారా లేదా?

ఏలూరు రోడ్డు
ఆంటీ, వీళ్లిద్దరినీ వదిలేయండి. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్. చనిపోయిన అమ్మను తిరిగి తెచ్చుకోవాలని చూసి ఇద్దరన్నదమ్ములు ఒళ్లు పోగొట్టుకుంటారు. అన్నకు ఒక చెయ్యి, ఒక కాలు. తమ్ముడికైతే శరీరం మొత్తం పోయి ప్రాణం ఇనుప కవచంలో ఉంటుంది. 64 ఎపిసోడ్‌లు, 2009లో మొదలై 2010లో అయిపోయింది. కథ పూర్తిగా ముగుస్తుంది, సగంలో గాల్లో వదిలేయడం ఉండదు. ఒక్క జాగ్రత్త, 2003లో వచ్చిన పాతది కూడా ఉంది, 51 ఎపిసోడ్‌లు. అప్పటికి అసలు కామిక్ పూర్తికాలేదు కాబట్టి వాళ్లు సొంతంగా వేరే ముగింపు రాసుకున్నారు. పేరులో బ్రదర్‌హుడ్ ఉందో లేదో చూసి మొదలెట్టండి.

కొండపల్లి బొమ్మ
పాతది ముందు చూస్తేనే బ్రదర్‌హుడ్ మొదట్లో ఎందుకంత పరుగు పెడుతుందో తెలుస్తుంది. అందరూ 2003ది చూసే ఉంటారనుకుని మొదటి పది పన్నెండు ఎపిసోడ్‌లు గబగబా లాగించేశారు. నా లెక్కన రెండూ చూడాలి.

ఏలూరు రోడ్డు
115 ఎపిసోడ్‌లు! ఆవిడ అడిగింది ఒక్కటి బాబూ.

బందరు లడ్డూ
చిన్నప్పుడు మీ అబ్బాయితోపాటు షిన్‌చాన్, డోరేమాన్ తెలుగులో చూసే ఉంటారు కదండీ. అవీ అనిమేలే. మీరు ఎప్పుడో మొదలెట్టేశారు.

సత్యనారాయణపురం అక్క
షిన్‌చాన్ అయితే నాకు వాడికంటే ఎక్కువ వచ్చు. వాడు అన్నం తినాలంటే అది పెట్టాల్సిందే. అది అనిమే అని ఇప్పుడు తెలిసింది.

బ్రాడీపేట నాలుగో లైను
షిన్‌చాన్‌ను లెక్కలోకి తెచ్చి పరువు తీయకండి. అక్కా, మొదటిది సరిగ్గా పడకపోతే మళ్లీ ఆ వైపు చూడరు. మా బావకు నేనే నరుటో పెట్టిచ్చా, బుద్ధిలేక. 220 ఎపిసోడ్‌లు, దాని తర్వాత షిప్పుడెన్ ఇంకో 500. 136 నుంచి దాదాపు 220 దాకా ఫిల్లరే, కామిక్ ఇంకా నడుస్తుండగానే టీవీ దాన్ని అందుకోబోయింది కాబట్టి సొంత కథలు అతికించారు. మా బావ 150 దగ్గర ఆగిపోయి ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే "ఏరా, మీ జపాన్ సీరియల్ అయిందా" అంటాడు, అందరి ముందూ. కాబట్టి చిన్నది, గట్టిది, అసలు గొంతులతో చూడాలి.

మిర్చియార్డు
బావ నవ్వింది ఫిల్లర్ చూసి, డబ్ చూసి కాదు. నరుటో కష్టం తెచ్చి డబ్ నెత్తిన వేస్తున్నావ్.

నా సంగతి చెప్తా విను. బెజవాడలో ఓ హాస్టల్లో ఇంటర్ చదివా, పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాత్రిళ్లు ఒకడి లాప్‌టాప్ చుట్టూ ఎనిమిది మందిమి. సబ్‌టైటిల్ రెండు లైన్లు వచ్చేది, నేను మొదటి లైన్ చదివేలోగా రెండూ మాయం. స్పేస్ బార్ దగ్గర కూర్చోబెట్టిన పాపానికి ప్రతి మాటకీ ఆపేవాణ్ని. నాలుగు రోజులు చూసి నన్ను వెనక మంచం మీదకు తోలారు. తర్వాత నేను తెలుగులో వచ్చినవి ఫోన్లో వెతుక్కుని చూస్తుంటే "ఒరేయ్ పోగో బ్యాచ్" అని పేరు పెట్టారు. సంవత్సరమంతా అదే పేరు. మొన్న 2025 సెప్టెంబర్లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ థియేటర్లో తెలుగులో వేస్తే, మా ఊరి నుంచి ఆరుగురం పనిగట్టుకుని వెళ్లాం. హాల్లో ఈలలు పడ్డాయి. నవ్వేవాడు ఒక్కడు లేడు.

కొండపల్లి బొమ్మ
అది ఇన్ఫినిటీ క్యాసిల్. క్యాజిల్ కాదు.

మిర్చియార్డు
ఇదిగో, ఇదే నేను చెప్పేది.

మంగళగిరి మగ్గం
మధ్యలో నాదొకటి. సిల్వర్ స్పూన్, 2013. సపోరో సిటీ కుర్రాడు, ర్యాంకుల గోల భరించలేక ఇంటికి దూరంగా ఉంటే చాలని హొక్కైదోలో వ్యవసాయ బడిలో చేరతాడు. గుడ్డు కోడికి ఎక్కణ్నుంచి వస్తుందో చూసి మొదట్లో తినలేకపోతాడు. ఒక బక్క పందిపిల్లకు పేరు పెట్టొద్దురా, కోతకు వెళ్లేదానికి పేరు పెడితే నువ్వే ఏడుస్తావని తోటివాళ్లు చెప్తే, "బుతాదోన్" అని పెడతాడు. అంటే పంది మాంసం వేసిన అన్నం గిన్నె. రాసినావిడ ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ రాసినావిడే, హిరోము అరకావా, పుట్టింది హొక్కైదో పాడి రైతుల ఇంట్లోనే. మొదటి సీజన్ 11 ఎపిసోడ్‌లు. ఇంటర్ చదివే కొడుకున్న తల్లి చూడాల్సింది ఇది. దీనికి తెలుగు మాత్రం నేనెక్కడా వినలేదు.

బ్రాడీపేట నాలుగో లైను
బాగుంటుంది కానీ మొదటిది కాదు. మొదటిది చూస్తూ నిద్ర మానుకోవాలి. పందిపిల్లను చూసి ఎవరు నిద్ర మానుకుంటారు?

మంగళగిరి మగ్గం
నేను మానుకున్నా.

బ్రాడీపేట నాలుగో లైను
మిర్చియార్డు, హాస్టల్లో ఎవరో ఏడిపించారని ఆ కోపం నా మీద చూపిస్తే ఎలా? గొంతు కూడా నటనే కదా. చిరంజీవి సినిమా వేరేవాళ్ల గొంతుతో చూస్తావా?

మిర్చియార్డు
చూస్తారు! ఉత్తరాది వాళ్లు చూడట్లేదా హిందీలో? వాళ్లనెవడూ సినిమా రానివాళ్లని అనట్లేదు. నీకు కావాల్సింది ఆవిడ అనిమే చూడటం కాదు, పరీక్ష పాసవడం. ముందు ఇంగ్లీష్ చదవాలి, తర్వాత నువ్వు మెచ్చింది మెచ్చాలి, అప్పుడు రానిస్తావ్ లోపలికి. డెత్ నోట్ నీకు గేటు పాస్.

బ్రాడీపేట నాలుగో లైను
సరే, చెప్పించావు కాబట్టి చెప్తా. మా నాన్నను ఒకసారి కూర్చోబెట్టా. రిటైరయ్యాక రోజంతా పేపరే ఆయనకు. జపనీస్‌లో అయితే విసుక్కుంటారేమోనని ఏదో తెలుగు డబ్ పెట్టా, పేరు అనవసరం. ఓ సీన్లో ఒకడు చచ్చిపోతుంటే పక్కవాడు "అయ్యో మిత్రమా" అన్నాడు. మా నాన్న నవ్వారు. నవ్వి, నా భుజం తట్టి, "పిల్లల బొమ్మలేరా" అని లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. మళ్లీ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. అందుకే డబ్ అంటే నాకు మంట. నిన్ను రానివ్వకూడదని కాదు.

బందరు లడ్డూ
అయ్యో మిత్రమా.

ఏలూరు రోడ్డు
లడ్డూ, ఇప్పుడొద్దు.

మిర్చియార్డు
మీ నాన్నగారి సంగతి ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా. అయినా తప్పు ఆ మాట రాసినవాడిది. "ఒరేయ్" అనాల్సిన చోట "మిత్రమా" రాస్తే ఎవరైనా నవ్వుతారు. తెలుగు వద్దనకు, మంచి తెలుగు కావాలను.

బ్రాడీపేట నాలుగో లైను
అది వచ్చేదాకా సబ్.

సత్యనారాయణపురం అక్క
అన్నీ చదివాను. ఒక విషయం చెప్పడం మర్చిపోయా, మీరూ అడగలేదు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. పొద్దున్నుంచి రాత్రి పదింటి దాకా కళ్లు సూది మీదే. టీవీ పక్కన మోగుతుంటుంది, నేను వింటానంతే. మీరు సబ్‌టైటిల్ అంటుంటే నాకు నవ్వొచ్చింది. పాదం కింద గుడ్డ నడుస్తుంటే తలెత్తి ఇంగ్లీష్ చదివితే కుట్టు ఎటు పోతుందో తెలుసా? చంక దగ్గర వంకర పడితే కస్టమరు మొహాన కొడుతుంది.

మిర్చియార్డు
అక్కా!! ఈ ముక్క మొదటే చెప్తే అయిపోయేది.

కొండపల్లి బొమ్మ
కుట్టుపని అంటే మై డ్రెస్-అప్ డార్లింగ్ ఉంది. 2022, 12 ఎపిసోడ్‌లు. బొమ్మలు చేసే ఇంటి కుర్రాడు మిషన్ మీద ఓ అమ్మాయికి వేషాలు కుట్టిపెడతాడు. కొలతలు, గుడ్డ ఎంపిక అన్నీ చూపిస్తారు.

ఏలూరు రోడ్డు
అమ్మా కొడుకూ కలిసి చూసేదా అది? ఆ కొలతలు తీసే ఎపిసోడ్ గుర్తుందా నీకు? ఆంటీ, వద్దు. బొమ్మా, నువ్వు కాసేపు బయటికెళ్లు.

మంగళగిరి మగ్గం
అక్కా, ఒక్క మాట. అసలు మీ అబ్బాయి ఏం చూస్తున్నాడు? అందరం మనకు నచ్చింది చెప్తున్నాం కానీ ఇది ఎవరం అడగలేదు.

సత్యనారాయణపురం అక్క
పేరు తెలీదు. గోడ మీద ఒక పుర్రె బొమ్మ అంటించాడు, దాని నెత్తిన గడ్డి టోపీ ఉంటుంది. ఎర్ర రిబ్బను చుట్టిన టోపీ.

బందరు లడ్డూ
అయిపోయింది.

ఏలూరు రోడ్డు
ఆంటీ... అది వన్ పీస్. 1999లో మొదలైంది, ఇంకా నడుస్తోంది. 1100 ఎపిసోడ్‌లు దాటింది. రోజుకు రెండు చొప్పున చూసినా ఏడాదిన్నర.

బ్రాడీపేట నాలుగో లైను
నా మాట విని డెత్ నోట్ చూడండి. 37.

సత్యనారాయణపురం అక్క
ఏడాదిన్నరేగా. వాడు ఇంజినీరింగ్‌కు హాస్టల్‌కి వెళ్లిపోతే నాలుగేళ్లు ఖాళీయే నాకు. నిన్న రాత్రి పదిన్నరకు మిషన్ ఆపి మొదటిది పెట్టాను, జపనీస్‌లోనే, ఆపుకుంటూ చదివాను. ఇరవై నాలుగు నిమిషాలది నాకు యాభై నిమిషాలు పట్టింది. పీపాలోంచి ఒకడు లేచాడు, టోపీవాడే. మావాడు మంచినీళ్ల కోసం వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని అట్లా నిలబడ్డాడు, ఏమీ అనలేదు. కరెంటు దండగ, తలుపు వెయ్యరా అన్నాను.

మిర్చియార్డు
యాభై నిమిషాలా! నేనూ అంతే అక్కా అప్పట్లో.

కొండపల్లి బొమ్మ
ఫిల్లర్ లిస్టు పంపనా అండీ?

బ్రాడీపేట నాలుగో లైను
వన్ పీస్‌లో ఫిల్లర్ తక్కువే. అసలు సమస్య సాగదీత. 

కొండపల్లి బొమ్మ
తక్కువా? లెక్కపెట్టావా ఎప్పుడైనా?