పోలీసు కమిషనర్ నేరుగా అదే ఊరికి మేయర్ కావచ్చా?

నగరపాలన:
కాకూడదని చట్టం లేదు. కానీ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్ రిజ్జో విషయం చూస్తే నాకు భయమేస్తుంది. 1943లో మామూలు పోలీసుగా చేరి 1967కి కమిషనర్ అయ్యాడు, 1971 ఫిబ్రవరిలో ఆ ఉద్యోగం వదిలి అదే నవంబర్‌లో మేయర్‌గా గెలిచాడు. ఏడాది కూడా తిరగలేదు! పోలీసులు తప్పు చేస్తే నిలదీయాల్సిన మేయర్ కుర్చీలో ఆ పోలీసుల్ని అలా తయారుచేసిన మనిషే కూర్చుంటే, ఇక అడిగేదెవరు?

వీధిమనిషి:
జనం లేరా అండీ అడగడానికి? 1971లో గెలిపించారు, 1975లో మళ్లీ గెలిపించారు. 1964లో ఆ ఊళ్లోనే అల్లర్లు జరిగాయి, రాత్రిపూట భయం లేకుండా ఇల్లు చేరితే చాలనుకున్న కార్మిక కుటుంబాలు ఆయనకు ఓటేశాయి, వాళ్ల భయాన్ని తీసిపారేయకండి. 1978లో మూడోసారి పోటీ చేయడానికి నగర చార్టర్‌ను, అంటే ఊరి పాలనకు మూల నియమావళిని, మార్చబోతే అదే ఊరి ఓటర్లు దాదాపు రెండింతల ఓట్లతో కాదన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పోలీస్ చీఫ్‌గా చేసిన ఫ్రాంక్ జోర్డాన్ 1992లో మేయర్ అయితే, ఒక్క టర్మ్‌తో ఇంటికి పంపారు.

తూర్పుగాలి:
హ్యూస్టన్‌లో లీ బ్రౌన్‌ను మర్చిపోయారు. 1982 నుంచి 1990 దాకా అక్కడ చీఫ్, 1998లో ఆ నగరానికి మొదటి నల్లజాతి మేయర్, మూడు టర్మ్‌లు చేశాడు. చీఫ్‌గా ఉన్నప్పుడే పోలీసుల్ని బస్తీల జనానికి దగ్గర చేయాలని పట్టుబట్టాడు. తేడా ఉద్యోగంలో లేదు, మనిషిలో ఉంది.

నగరపాలన:
మనిషిలో ఉందంటే ఒప్పుకోను. బ్రౌన్‌కు మధ్యలో ఎనిమిదేళ్లు దొరికాయి, న్యూయార్క్‌లో, తర్వాత క్లింటన్ ప్రభుత్వంలో పనిచేసి వచ్చాడు, అప్పటికి హ్యూస్టన్ పోలీసు శాఖ ఇంకొకరిది. ఇక ఓటంటారా, అది నాలుగేళ్లకోసారి. స్టేషన్‌లో దెబ్బలు తిన్నవాడు ఎవరి దగ్గరికి పోవాలి? ఫిలడెల్ఫియాలో పోలీసుల మీద పౌరుల ఫిర్యాదులు వినే బోర్డును 1969లోనే ఎత్తేశారు. ఫిర్యాదుల పద్ధతి మార్చమని కింది కోర్టు ఇచ్చిన ఆర్డర్‌ను 1976లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆ కేసు రిజ్జో పేరుతోనే ఉంది. హత్య కేసుల్లో కొట్టి నేరం ఒప్పిస్తున్నారని 1977లో ఇంక్వైరర్ పత్రిక బయటపెట్టింది. 1979లో కేంద్ర న్యాయశాఖే ఆ నగరం మీద దావా వేస్తే, నీకు ఆ అధికారం లేదు పొమ్మన్నాయి కోర్టులు. ఆ అధికారం ఇచ్చే చట్టం 1994లో గానీ రాలేదు. ఇన్ని దారులు మూసుకుపోయాక మిగిలింది మేయర్ ఆఫీసు, అక్కడున్నది రిజ్జో. అందుకే కమిషనర్ ఉద్యోగం వదలడానికీ మేయర్‌గా పోటీకీ మధ్య ఒక పూర్తి టర్మ్ ఎడం తప్పనిసరి చేయాలంటున్నాను. సైన్యంలో రెగ్యులర్ అధికారులుగా చేసి దిగినవాళ్లు అమెరికాలో రక్షణమంత్రి కావాలంటే కొన్నేళ్లు ఆగాల్సిందే, కాంగ్రెస్ మినహాయింపు ఇస్తే తప్ప.

వీధిమనిషి:
రక్షణమంత్రిని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, మేయర్‌ను జనం ఎన్నుకుంటారు, రెండూ ఒకటెలా అవుతాయి? బోర్డు మళ్లీ పెట్టండి, దానికి సమన్లు పంపే అధికారం ఇవ్వండి, నేను మీతో ఉంటా. పోటీ చేసే హక్కు మీద మాత్రం చెయ్యి వేయొద్దు.

నగరపాలన:
ఆ బోర్డులో ఎవరుండాలో మేయరే తేల్చేటట్టయితే?