డెత్ వ్యాలీ ఇసుక తిన్నెల్లో వెన్నెల నడక: డిసెంబరు 21నా, 23నా?

ప్రశ్న: ఉత్తరాయణ ఆరంభాన కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో, మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెల మీద రాత్రి నడిచి, కాసేపు మౌనంగా జపం చేసుకోవాలని ఉంది. ఏ రోజు మేలు? ఏం తీసుకెళ్లాలి?

జవాబు 1: 2026లో 21న సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడు, 23న మార్గశిర పౌర్ణమి. 23కే వెళ్లండి. అయితే అర్ధరాత్రి దాకా ఆగకండి: ఈ కాలపు పున్నమి చంద్రుడు అప్పటికి దాదాపు నడినెత్తికి వస్తాడు, నీడలు పొట్టివై గుంటలు, వాలు తెలియవు. రాత్రి ఏడెనిమిది గంటల మధ్య అయితే వెలుగు ఏటవాలుగా పడి ఇసుక మీద గాలి గీసిన చారలు కూడా కనిపిస్తాయి. తెల్ల లైటు వేస్తే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడడానికి అరగంట, ఎర్ర లైటే వాడండి.

జవాబు 2: దారి తప్పడమే అసలు ప్రమాదమండి. అక్కడ బాట ఉండదు, అడుగుజాడలు గాలికి చెరిగిపోతాయి. కారు దిగగానే ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేయండి, సిగ్నల్‌ను నమ్మలేం. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఫోన్ లోపలి జేబులో ఉంచండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. నూలు బనియన్ వద్దు: ఎక్కేటప్పుడు చెమటకు తడిసి, జపానికి కూర్చోగానే వణుకు పుడుతుంది. కింద పరుచుకోవడానికి మందపాటి చాప తప్పనిసరి.

జవాబు 3: దీపం, కర్పూరం వెలిగించకండి. నిర్ణీత నిప్పు గుంటల్లో తప్ప ఆ పార్కులో మంట నిషేధం. పూలు, కుంకుమ వదిలి రావద్దు. మానసపూజ చాలు.