తొక్క ఆకుపచ్చగా ఉన్న సంత్రా: పండా, పచ్చికాయా?

పాండర్‌కవడ రైతు: మా అంబియా సంత్రా మార్కెట్‌కు తీసుకుపోతే వ్యాపారి తొక్క చూసి ధర సగానికి దించాడు. ఒలిచి తొనలు చేతిలో పెట్టినా తినలేదు. "రంగు రాలేదు", అంతే. అంబియా అంటే జనవరి, ఫిబ్రవరి పూత. ఆ కాయ అక్టోబర్, నవంబర్‌లో కోతకొస్తుంది. అప్పటికి మన దగ్గర రాత్రుళ్లు సరిగా చల్లబడవు. చలి తగలందే తొక్కలో ఆకుపచ్చ విరగదు, లోపల రసం పట్టినా సరే. అదే చెట్టుకు మృగ్ బహార్, అంటే వానాకాలం పూత, పట్టిస్తే, చలి తిన్న కాయ ఫిబ్రవరిలో నిగనిగలాడుతూ వస్తుంది. మరి నా పండును పచ్చికాయ అనడం న్యాయమేనా?

బల్లార్షా పండ్ల బండి: అన్నా, నారింజ రంగు అని ఒక రంగుకే ఈ పండు పేరుంది. ఆ రంగు లేకపోతే నా దగ్గర ఎవరు కొంటారు? పోయిన సీజన్‌లో పచ్చవి తెచ్చా. పుల్లగా ఉన్నాయని గిరాకీలు తెచ్చి మొహాన పడేశారు.

కిన్వట్ మాస్టారు: పండు పేరు రంగుకు పెట్టారు గానీ, రంగు చూసి పండుకు పెట్టలేదు. మోసంబికి మొజాంబిక్ పేరు అంటుకుంది. 2014లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన నాగపూర్ సంత్రాకు ఊరి పేరు. పంపరపనస కోస్తే కొన్నింటిలో గులాబీ తొనలుంటాయి, టమాటాలో ఉండే లైకోపీన్ అనే ఎరుపు పదార్థం వల్ల. సిసిలీ రక్త నారింజలో ఎరుపు మన నేరేడు పండులో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థమే. దానికీ రాత్రి చలి కావాల్సిందే.

బల్లార్షా పండ్ల బండి: సిసిలీ సంగతి నాకెందుకు సార్? నా నష్టం గురించి చెప్పండి.

సిరొంచ అక్క: నిమ్మపండు ఛాయ అంటే పసుపే కదా. అయినా ఆకుపచ్చ నిమ్మకాయలు రోజూ కొంటున్నాం. సంత్రాకే ఎందుకీ పట్టింపు?

పాండర్‌కవడ రైతు: అసలు మోసం వినండి. ఇథిలీన్ వాయువు పట్టించే గదిలో పెడితే తొక్క రంగు తిరుగుతుంది, తీపి మాత్రం రవ్వంత కూడా పెరగదు. సంత్రా మామిడిలా కాదు, కోశాక మాగదు. నా దగ్గర సగం ధరకు కొన్న సరుకుకే ఆ వ్యాపారి రంగు తెప్పించి పూర్తి ధరకు అమ్ముకున్నాడు. లోపల పండు అదే!

బల్లార్షా పండ్ల బండి: వాడి మీద కోపం నా మీద చూపించకు! రేటుందని లేత కాయ కోసేది ఎవరు? మీ రైతులే. నేను తొక్క చూడక ఏం చూడాలి, ప్రతి కాయా ఒలిచి చూడాలా?

కిన్వట్ మాస్టారు: అలా రంగు తెప్పించిన లేత కాయ కూడా తొక్క చూస్తే బాగానే ఉంటుంది తమ్ముడూ. ఆ గుర్తు ఏం పనికొచ్చింది?

పాండర్‌కవడ రైతు: లేతగా కోసేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్ల పాపానికి నా ధర కోస్తారా? డబ్బాకు రెండు కాయలు కోసి తిను. పుల్లగా ఉంటే వద్దను. తినకుండానే ధర చెప్పేవాడికి రుచితో పని లేదు, బేరానికి సాకు కావాలి.

బల్లార్షా పండ్ల బండి: రెండు తీయగా ఉంటే మిగతావాటికి పూచీ ఎవరిది? తిరిగొస్తే తీసుకుంటావా?

పాండర్‌కవడ రైతు: పుల్లగా ఉన్నాయంటే తీసుకుంటా. తొక్క పచ్చగా ఉందంటే ఒక్క కాయ కూడా తీసుకోను.

బల్లార్షా పండ్ల బండి: మరి నా బండి మీద మిగిలిపోయేవి ఆ రెండో రకమే.