అప్‌డేట్: లోడర్ వాల్వ్ లీకు ఆగింది

మా స్కిడ్ స్టీర్ లోడర్‌లో (మట్టి ఎత్తే చిన్న యంత్రం), ఆయిల్‌ను సిలిండర్లకు పంపే కంట్రోల్ వాల్వ్ దగ్గర ఆయిల్ కారుతోందని, వాల్వ్ మొత్తం మార్చాలా, సీల్స్ వేస్తే చాలా అని పోయిన నెల అడిగాను. సీల్స్‌తోనే లీకు ఆగింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

ఆర్మ్స్ (బకెట్‌ను ఎత్తే చేతులు) పైకి లేపి సేఫ్టీ లాక్ వేసి, ప్రెషర్ పూర్తిగా వదిలాకే పైపులు విప్పాం. ఏ పైపు ఎక్కడిదో ముందే గుర్తులు పెట్టుకున్నాం. లిఫ్ట్ స్పూల్ (ఆర్మ్స్ లేపడానికి లివర్‌తో పాటు వాల్వ్ లోపల అటూ ఇటూ జరిగే కడ్డీ) చివర ఉన్న ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీల్) గట్టిపడి, గుండ్రదనం పోయి బల్లపరుపుగా అయిపోయింది. స్పూల్ మీద గోరుతో రాసి చూశాను, ఎక్కడా గీత తగల్లేదు. గీత ఉంటే కొత్త సీల్ కూడా ఎక్కువ రోజులు నిలవదు. సీల్ కిట్ బెంగళూరు పీణ్యలో దొరికింది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక్కో స్పూల్ తన రంధ్రానికే సరిపోయేలా తయారవుతుంది, వాటిని కలిపేయకండి. మేం కలపలేదు కానీ, బిగించాక లివర్ మధ్యకు తిరిగి రాలేదు. స్పూల్ పాడైందేమో అని ఒకటే టెన్షన్! చూస్తే వాల్వ్ బోల్టులు ఒక పక్కే ఎక్కువ బిగించాం. దాంతో బాడీ కాస్త వంగి స్పూల్ పట్టేసింది. అన్నీ వదులు చేసి, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగిస్తున్నామో కొలిచే పానా) మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగిస్తే హాయిగా కదిలింది.

లీకు చూడటానికి చెయ్యి పెట్టకండి, అట్టముక్క వాడండి. సన్నటి ఆయిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

ఆర్మ్స్ మాత్రం ఇంకా మెల్లగా దిగుతున్నాయి. ఈ సీల్స్‌కు దానితో సంబంధం లేదు, ఆదివారం సిలిండర్ చూస్తాం.